చుక్కలు కలిశాయి, ఇంజన్ మాత్రం పలకలేదు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లాస్ ఏంజెలెస్‌కు తిరిగొచ్చిన కుర్రాళ్లలో ఎడ్ ఇస్కెండేరియన్ ఒకడు. కాలిఫోర్నియాలో ద్రాక్షతోటలు వేసుకుని బతికిన ఆర్మీనియన్ వలస కుటుంబంలో 1921లో పుట్టాడు. యుద్ధంలో వైమానిక దళంలో పనిచేశాడు. వచ్చి చూస్తే ఊళ్లో కుర్రకారుకంతా ఒకటే పిచ్చి: పాత ఫోర్డు కార్లు కొనడం, అక్కర్లేని రేకులన్నీ పీకేయడం, ఇంజన్‌ను మార్చడం, ఎడారిలో ఎండిపోయిన చెరువుల మీదికి తోలుకెళ్లి ఎవడి బండి ఎంత పోతుందో తేల్చుకోవడం. ఇస్కెండేరియన్‌కూ 1924 నాటి మోడల్ టీ ఒకటి ఉంది. దానికి ప్రత్యేకంగా సానబట్టిన క్యామ్ షాఫ్ట్ కావాలి. ఊళ్లో సానబట్టేవాళ్లు ఉన్నదే కొద్దిమంది, వాళ్ల దగ్గర ఆర్డర్లు గుట్టగా పడున్నాయి. ఆగే ఓపిక లేక ఓ పాత గ్రైండింగ్ మెషిన్ కొని, క్యామ్‌లు సానబట్టేలా దాన్ని తానే మార్చుకున్నాడు. అలా మొదలైన వ్యాపారం ఆయనకు ‘క్యామ్‌ఫాదర్’ అన్న పేరు తెచ్చింది. 1963లో అమెరికాలో కార్ల వేగం పెంచే విడిభాగాల తయారీదార్ల సంఘం సెమా పుట్టినప్పుడు తొలి అధ్యక్షుడూ ఆయనే.

క్యామ్ షాఫ్ట్ ఇంజన్ పొట్టలో తిరిగే కడ్డీ. దాని పొడవునా కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తు దిమ్మెలుంటాయి. ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత ఎత్తు లేవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్నది ఆ దిమ్మె ఆకారమే చెబుతుంది. దిమ్మెను కాస్త వెడల్పుగా, కాస్త ఎత్తుగా చేస్తే ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది, పై వేగంలో బలం పెరుగుతుంది. అదే ఇంజన్, అవే పిస్టన్లు, ఒక్క కడ్డీ మారితే బండి స్వభావమే మారిపోతుంది. అందుకే ఇంటి షెడ్డులో పనిచేసేవాళ్లకు క్యామ్ మార్పిడి అంత ఇష్టమైన పని అయింది. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒకే చుట్టు తిరుగుతుంది. ఈ సగం లెక్కే తర్వాత వచ్చే గొడవల్లో సగానికి మూలం.

క్యామ్ మార్చాక బండి మొరాయిస్తే అందరి అనుమానమూ కొత్త కడ్డీ మీదికే పోతుంది. డెబ్బై ఎనభై ఏళ్ల షెడ్డు అనుభవం చూస్తే దాని తప్పు ఉండేది చాలా తక్కువ. కొత్తగా వచ్చినదానికీ, ముందు నుంచీ ఉన్నవాటికీ పొత్తు కుదరకపోవడమే అసలు జబ్బు. ఆ పొత్తు ఎక్కడ చెడుతుందన్నది మాత్రం ఇంజన్ మారినప్పుడల్లా మారుతూ వచ్చింది.

1932లో ఫోర్డు తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజన్‌తో ఈ కథ వేగం అందుకుంది. 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్‌పవర్. సామాన్యుడు కొనగల ధరలో ఎనిమిది సిలిండర్లు దొరకడం అదే మొదలు. కొన్నేళ్లు గడిచేసరికి పాత సామాను దుకాణాల్లో చవగ్గా దొరికేది కూడా అదే. వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి. దిమ్మె మీద కూర్చుని వాల్వును లేపే ట్యాపెట్లకు కంపెనీ సర్దుబాటు స్క్రూ ఇవ్వలేదు. ట్యాపెట్‌కూ వాల్వు కాడకూ మధ్య సందు తగ్గిపోతే కాడ చివర రాకి సందు పెంచాలి, అంతే.

ఇక్కడే చిక్కొచ్చింది. అప్పట్లో క్యామ్ షాఫ్టులు ఎక్కువగా పాతవాటినే మళ్లీ సానబట్టి తయారుచేసేవారు. దిమ్మె ఎత్తుగా కనిపించాలంటే దాని చుట్టూ ఉన్న గుండ్రటి భాగాన్ని అరగదీయాలి. అంటే ట్యాపెట్ కిందికి దిగిపోతుంది, సందు పెరిగిపోతుంది. రాకితే సందు పెంచడమే కుదురుతుంది, తగ్గించడం ఎలా? ఇంజన్ స్టార్ట్ చేస్తే టకటకమని మోత. దాన్ని తప్పించడానికి స్క్రూ ఉన్న ట్యాపెట్లు అమ్మకానికి వచ్చాయి. ఇప్పుడు ఇంకో తప్పు మొదలైంది. మోత వినలేక సందు మరీ బిగించేవాళ్లు. వేడెక్కాక కాడ సాగుతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, కొన్నాళ్లకు వాల్వు అంచు కాలిపోతుంది. మోత పెట్టే ట్యాపెట్ కంటే నోరు మూసుకున్న ట్యాపెట్‌కే భయపడాలని పాత మెకానిక్కులు చెప్పేది ఇందుకే. మన మెకానిక్ షెడ్లలోనూ ఈ మాట వినిపిస్తుంది.

ఫ్లాట్‌హెడ్‌లో ఓ మంచి గుణం ఉంది. 1948 వరకూ వచ్చిన ఇంజన్లలో, ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను క్యామ్ ముందు కొనే నేరుగా తిప్పేది. ఆ రెండూ కలిసే గాడి మధ్యలో కాక కాస్త పక్కకు ఉండేది కాబట్టి తిరగేసి బిగించాలన్నా కుదరదు. తర్వాత తరం ఇంజన్లకు ఈ రక్షణ లేదు.

ఈ విద్య నలుగురికీ ఎలా తెలిసిందన్నది కూడా చెప్పుకోవాలి. 1920ల నుంచీ కార్బురేటర్లు, క్యామ్‌లు తయారుచేస్తున్న ఎడ్ విన్‌ఫీల్డ్, పందెపు కార్ల ఇంజన్లతో పేరుపొందిన క్లే స్మిత్ వంటివాళ్లు ఉన్నా, వాళ్ల పనితనం వాళ్ల షాపు గోడల మధ్యే ఎక్కువగా ఉండేది. 1948 జనవరిలో ‘హాట్ రాడ్’ పత్రిక మొదలయ్యాక దారి తెరుచుకుంది. అదే ఏడాది జూన్ సంచిక ముఖచిత్రం మీద ఇస్కెండేరియన్ మోడల్ టీ కనిపించింది. క్యామ్‌లు అమ్మేవాళ్లు సరుకుతో పాటు ఓ కార్డు పెట్టడం అలవాటైంది: ఏ వాల్వు క్రాంక్ ఏ డిగ్రీ దగ్గర తెరుచుకోవాలి, ఏ డిగ్రీ దగ్గర మూసుకోవాలి, సందు ఎంత. పోస్టులో కడ్డీ తెప్పించుకుని ఎక్కడో అయోవాలో పశువుల కొట్టంలో బిగించుకునేవాడికి ఆ కార్డే గురువు. బోర్డు కట్టి అమ్మే విద్యను ఇలా అచ్చేసి పంచడం కూడా మంచి వ్యాపారమేనని వాళ్లు తొందరగా గ్రహించారు. సరిగ్గా బిగించలేనివాడు రెండోసారి కొనడు కదా.

1955లో షెవర్లే 265 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్ వీ8 తెచ్చింది. తేలిక, చవక, వేగంగా తిరుగుతుంది. పదేళ్లలో ఫ్లాట్‌హెడ్‌ను షెడ్లలోంచి దాదాపు తరిమేసింది. అందులో క్యామ్ రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలో ఉంటుంది. రేడియేటర్, ముందు మూత, చైన్, డిస్ట్రిబ్యూటర్, లిఫ్టర్లు (ట్యాపెట్లు) తీస్తే కడ్డీని మెల్లగా ముందుకు లాగేయొచ్చు. ఇంజన్ దించనక్కర్లేదు. శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి ముగించగల పని. మరి ఆదివారం సాయంత్రమే ఎందుకు అన్ని బళ్లూ స్టార్ట్ కాకుండా నిలిచిపోయేవి?

చైన్ గేర్ల మీద చెరో చుక్క ఉంటుంది. కింది గేరు చుక్క పైకి, పై గేరు చుక్క కిందికి పెట్టి, రెండూ ఎదురెదురుగా చూసుకునేలా చైన్ తొడగాలి. అప్పుడు ఒకటో పిస్టన్ పైకొచ్చి ఉంటుంది. చూసినవాడు ఏమనుకుంటాడు? ఒకటో సిలిండర్‌లో నిప్పు పడాల్సిన క్షణం ఇదేననుకుని, డిస్ట్రిబ్యూటర్ రోటర్‌ను ఒకటో నంబరు వైరు వైపు తిప్పి దించేస్తాడు. కానీ స్మాల్ బ్లాక్‌లో ఒకటీ ఆరూ పిస్టన్లు ఒకేసారి పైకొస్తాయి. చుక్కలు ఎదురెదురుగా ఉన్నప్పుడు నిప్పు కావాల్సింది ఆరో సిలిండర్‌కు. ఒకటో దానిలో ఆ క్షణాన పొగ బయటికి పోయి కొత్త గాలి రావడం మొదలవుతుంటుంది. నిప్పు సరిగ్గా ఆ తెరిచిన తలుపులోంచి వెళుతుంది. సెల్ఫ్ కొడితే కార్బురేటర్ నోట్లోంచి ‘ఫట్’మని మంట. పైన వంగి చూస్తున్నవాడి కనుబొమ్మలు ఏమవుతాయో చెప్పనక్కర్లేదు.

చుక్కలు తప్పు చెప్పలేదు. క్రాంక్ రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు అన్న లెక్కను మనిషి మరిచాడు. దీన్ని నూట ఎనభై డిగ్రీల తప్పు అంటారు. క్రాంక్ లెక్కన చూస్తే మూడొందల అరవై, డిస్ట్రిబ్యూటర్ లెక్కన సగం.

దీనికి పరీక్ష ఎంత సులువైనదంటే, సాధనమే అక్కర్లేదు. ఒకటో స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రం మీద వేలు అదిమి పెట్టాలి. ఇంకొకరు ఇంజన్‌ను కొద్దికొద్దిగా తిప్పాలి. ఒక చుట్టులో పిస్టన్ పైకొచ్చినా వేలికి ఏమీ తెలియదు. ఇంకో చుట్టులో గాలి వేలిని తోసేస్తుంది. తోసినప్పుడు ఆపి, ముందు చక్రం మీది గీతను సున్నాకు తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్ ఎటు చూస్తోందో చూడాలి. ఒకటో వైరు వైపు చూస్తుంటే సరే. సరిగ్గా ఎదురు వైపు చూస్తుంటే పైకి లాగి, సగం తిప్పి మళ్లీ దించాలి. రెండు రోజుల కష్టం వృథా అయిందని కుమిలిపోయినవాళ్లు పావుగంటలో బండి మీద ఊరు చుట్టొచ్చిన తప్పు ఇది.

ఒక్క పన్ను అటూ ఇటూ అయితే ఇంత సులువుగా దొరకదు. ముప్పై ఆరు పళ్ల గేరులో ఒక పన్ను జారితే క్యామ్ పది డిగ్రీలు, క్రాంక్ లెక్కన ఇరవై డిగ్రీలు తప్పుతుంది. బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, ఎక్కడా బలం ఉండదు. ఇలాంటప్పుడు పాతకాలం వాక్యూమ్ గేజి అక్కరకొస్తుంది. మామూలు ఇంజన్ ఐడిల్‌లో పదిహేడు నుంచి ఇరవై ఒక్క అంగుళాల దాకా చూపే ముల్లు, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటే బాగా కింద కదలకుండా నిలుస్తుంది. తిరకాసు ఏమిటంటే, పందెపు క్యామ్ వేసినా ముల్లు కిందికే దిగుతుంది. అందులో రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం ఎక్కువ కాబట్టి అది దాని సహజ గుణం. ఇది తెలియక లేని గాలి లీకు కోసం గంటలు వెతికినవాళ్లున్నారు. బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ చాలక పెడల్ రాయిలా మారితే బ్రేకులు విప్పినవాళ్లూ ఉన్నారు. అనుమానం తీరాలంటే క్రాంక్ కొనకు డిగ్రీల చక్రం బిగించి, లిఫ్టర్ మీద డయల్ గేజి పెట్టి, కార్డులోని అంకెలతో పోల్చి చూడాలి. ఓపికున్నవాడు ఈ పని మూత వేయకముందే చేస్తాడు. లేనివాడు మూత మళ్లీ విప్పి చేస్తాడు.

ఫోర్డు అభిమానులకు వేరే పరీక్ష ఎదురైంది. 1968లో వచ్చిన 302, 1969లో వచ్చిన 351 విండ్సర్ ఇంజన్లు చూడ్డానికి అన్నదమ్ములు. క్యామ్ షాఫ్ట్ ఒకదానిది మరోదానిలో దూరుతుంది. కానీ నిప్పు పడే వరస వేరు. 302లో 1-5-4-2-6-3-7-8. 351లో 1-3-7-2-6-5-4-8. వరస నిర్ణయించేది బ్లాకు కాదు, పిస్టన్లూ కావు. క్రాంక్‌కు లోబడి, క్యామ్ దిమ్మెలే. ఎవరైనా 302లో 351 రకం క్యామ్ వేసి, వైర్లు పాత వరసలోనే ఉంచితే నాలుగు సిలిండర్లు చక్కగా పేలతాయి, నాలుగు తప్పు వేళ పేలతాయి. ఇంజన్ వణికిపోతుంది, వెనకా ముందూ పేల్చుతుంది. 1982లో మస్టాంగ్ జీటీ ఐదు లీటర్ల హెచ్‌ఓ ఇంజన్‌కు ఫోర్డు కంపెనీయే 351 వరసను తీసుకుంది. దాంతో ఒకే పరిమాణం ఇంజన్ రెండు వరసల్లో రోడ్ల మీద తిరగడం మొదలైంది. పాత మాన్యువల్ చూసి వైర్లు పెట్టినవాడిది పాపం తప్పనలేం.

క్యామ్ ఎత్తు పెరిగితే వాల్వు ఇంకా లోతుకు దిగుతుంది, పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంటుంది. దీనికి షెడ్డువాళ్లు కనిపెట్టిన ఉపాయం పిల్లలు ఆడుకునే బంకమట్టి. పిస్టన్ తల మీద ముద్ద అంటించి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, హెడ్ దించి, వాల్వు నొక్కిన చోట కత్తితో కోసి మందం కొలవాలి. ఇంటేక్ దగ్గర సుమారు రెండు మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ దగ్గర రెండున్నర ఉంటే నిశ్చింత.

ఇన్ని గండాలు దాటి స్టార్ట్ అయిన ఇంజన్‌ను కూడా మొదటి అరగంటలోనే చంపుకున్నవాళ్ల కథ అన్నిటికన్నా బాధాకరం. ఆ కాలపు లిఫ్టర్ల అడుగు చూపుకు చదునుగా కనిపిస్తుంది. నిజానికి కొంచెం ఉబ్బుగా ఉంటుంది, దిమ్మె కూడా ఓ పక్కకు ఏటవాలుగా ఉంటుంది. అందువల్ల లిఫ్టర్ తన చుట్టూ తాను తిరుగుతూ అంతటా సమంగా అరుగుతుంది. కొత్త దిమ్మె, కొత్త లిఫ్టర్ ఒకదానికొకటి అలవాటు పడేదాకా ఈ జోడీ చాలా సున్నితం. ఆ దిమ్మెల మీద నూనె పడేది క్రాంక్ తిరుగుతూ చిమ్మితేనే. ఐడిల్‌లో అది చాలదు. కాబట్టి స్టార్ట్ అయిన వెంటనే రెండువేలు దాటిన ఆర్‌పీఎమ్‌లో ఇరవై ముప్పై నిమిషాలు ఆపకుండా ఉంచాలి. టైమింగ్ తప్పి, స్టార్ట్ కాక, పదేపదే సెల్ఫ్ కొట్టేవాడికి తెలియకుండానే దిమ్మెల మీద పూసిన మాలిబ్డినం పేస్టు తుడిచిపెట్టుకుపోతుంది. పాత లిఫ్టర్లను కొత్త క్యామ్ మీద పెట్టినా ఇదే గతి.

అరిగిన దిమ్మె గుర్తు పట్టడానికి ఓ పద్ధతుంది. ఎగ్జాస్ట్ దిమ్మె అరిగితే కాలిన పొగకు బయటికి దారి దొరక్క, ఇంటేక్ తెరుచుకోగానే కార్బురేటర్ వైపు తన్నుకొస్తుంది. ‘పుట్, పుట్’మని ఒకే తాళంలో వచ్చే చప్పుడు విని చాలామంది కార్బురేటర్ విప్పి జెట్లు మార్చేవారు. తెలిసినవాడు పై మూత తీసి, లిఫ్టర్ల మీద నిలిచే ఒక్కో పుష్ రాడ్ ఎంత లేస్తోందో కొలుస్తాడు. పదహారింటిలో ఒకటి పొట్టిగా లేస్తే దొంగ దొరికినట్టే. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే మడతల్లో ఇనుప రజను మెరుస్తుంటుంది.

2000ల మధ్యలో ఈ ఫిర్యాదు ఒక్కసారిగా పెరిగింది. మనుషుల చేతులు మారలేదు, నూనె మారింది. 1940ల నుంచీ ఇంజన్ ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ కలిసిన ఓ రసాయనం వేస్తున్నారు. ఇనుము మీద ఇనుము రాసుకునే చోట అది పలుచటి పొరగా ఏర్పడి కాపాడుతుంది. అయితే 1975 నుంచి అమెరికా కార్లకు వచ్చిన క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడుచేస్తుంది. పరిమితి మెట్లు మెట్లుగా తగ్గుతూ వచ్చి, 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎమ్ ప్రమాణంతో పలుచని గ్రేడ్లలో 0.08 శాతానికి చేరింది. కొత్త కార్లలో రోలర్ లిఫ్టర్లు ఉన్నాయి కాబట్టి వాటికి నష్టం లేదు. తాతల కాలపు స్మాల్ బ్లాక్‌కు కొత్త క్యామ్ వేసి, దుకాణంలో దొరికిన మంచి నూనె పోసినవాడు మాత్రం బలయ్యాడు. కొందరు లారీలకు పోసే డీజిల్ ఇంజన్ ఆయిల్ వెతుక్కున్నారు, కంపెనీలు బ్రేక్-ఇన్ ఆయిల్ అని విడిగా డబ్బాలు అమ్మసాగాయి.

బ్రిటన్‌లో ఇదే జబ్బు వేరే రూపంలో కనిపించింది. అక్కడ ఇంటి మెకానిక్‌కు బైబిల్ హేన్స్ మాన్యువల్. జాన్ హేన్స్ బడిలో చదువుతుండగానే 1956లో ఆస్టిన్ 7 కారు మార్పుల మీద చిన్న పుస్తకం వేసి 250 ప్రతులు అమ్మేశాడు. బండిని పూర్తిగా విప్పి బిగిస్తూ ఫొటోలు తీసి రాసిన తొలి మాన్యువల్ 1966లో వచ్చింది. ఇక జబ్బు సంగతి: 1970లో ఫోర్డు కోర్టినాకు వచ్చిన పింటో ఇంజన్‌లో క్యామ్ పైన హెడ్‌లో ఉండేది. దాని మీద నూనె చల్లడానికి సన్నటి రంధ్రాల గొట్టం ఒకటి. మడ్డి చేరి ఆ రంధ్రాలు మూసుకుపోతే దిమ్మెలు అరిగి టకటక మోత వచ్చేది. ఓనరు హెడ్ దించి, కొత్త క్యామ్ వేసి, మోత పోయిందని సంబరపడేవాడు. పాత గొట్టాన్నే తిరిగి బిగించి ఉంటే కొన్ని వేల మైళ్లలో మోత మళ్లీ మొదలయ్యేది. క్యామ్ ఎందుకు పోయిందో అడగకుండా క్యామ్ మార్చినందుకు పడిన జరిమానా.

మన దగ్గర ఈ ఇంటి పని అలవాటు లేదు. విజయవాడ ఆటోనగర్ ఉండగా కార్పోర్చిలో క్యామ్ లాగే అవసరం ఎవరికి? కానీ అంబాసడర్ పుణ్యమా అని బ్రిటిష్ వాల్వు లెక్క మాత్రం ఇక్కడికీ వచ్చింది. దాని 1489 సీసీ బీఎంసీ ఇంజన్‌లో ఎనిమిది వాల్వులు. ట్యాపెట్ సెట్ చేయడానికి తొమ్మిది లెక్క: ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాని సందు చూడాలి, ఆరోది తెరుచుకుంటే మూడోది చూడాలి. రెండూ కలిపితే తొమ్మిది కావాలి. అందులోనూ డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పే గేరు తిరగబడి దిగితే, స్మాల్ బ్లాక్‌లాగే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. 2014లో ఉత్తర్‌పారాలో అంబాసడర్ ఆగిపోయినా, ఆ లెక్క నోటికొచ్చిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు.

1997లో షెవర్లే ఎల్ఎస్1 ఇంజన్‌తో డిస్ట్రిబ్యూటరే పోయింది. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ వచ్చింది. నూట ఎనభై డిగ్రీల తప్పుకు చోటే లేదు. లిఫ్టర్లను పట్టుకునే ప్లాస్టిక్ ట్రేలు ఉండటంతో, రాకర్లు, పుష్ రాడ్లు తీసి క్యామ్‌ను కొన్ని చుట్లు తిప్పితే లిఫ్టర్లు పైకెక్కి ఆగుతాయి. కింద పడకుండా రెండు సన్నటి కడ్డీలు దూర్చి, హెడ్లు దించకుండానే క్యామ్ లాగేస్తున్నారు. ఇప్పుడు చుక్కల పనిలో కొంత కంప్యూటర్‌కు వెళ్లింది. క్యామ్, క్రాంక్ సెన్సర్లు చెప్పే లెక్క కలవకపోతే పీ0016 అన్న కోడ్ వస్తుంది. చైన్ పన్ను జారిందా, క్యామ్ టైమింగ్‌ను జరిపే ఫేజర్ ఇరుక్కుందా, సెన్సర్ అబద్ధం చెబుతోందా అన్నది ఆ కోడ్ చెప్పదు. ఎల్ఎస్ కుటుంబంలోనే క్యామ్ గేరు మీద సెన్సర్ చదివే గుర్తులు కొన్నింటికి ఒకటి, కొన్నింటికి నాలుగు. గేరు ఒక రకానిది, కంప్యూటర్ ఇంకో రకానిది పడితే చుక్కలు కలుస్తాయి, కంప్రెషన్ బాగుంటుంది, పెట్రోలు వస్తుంది, సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. ఆ గుర్తులు లెక్కపెట్టాలంటే ముందు మూత మళ్లీ విప్పాలి.